రోహిణి కార్తెలోనూ 35 డెసిబెళ్లు: ఓవర్‌క్లాక్ చేసిన ప్రాసెసర్‌కు నిశ్శబ్దమైన కూలర్ – ప్రాజెక్టు డైరీ

యంత్రం, గది, లక్ష్యం

విజయవాడ మొగల్రాజపురంలో, కొండ పక్కన, స్లాబు నేరుగా ఎండకు కాలే పై అంతస్తు గదిలో నా కంప్యూటరు ఉంటుంది. అందులో ఎనిమిది కోర్ల రైజెన్ 7 5800ఎక్స్ ప్రాసెసర్, నాలుగు హీట్‌పైపుల (వేడిని మోసే గొట్టాల) మీద లోహపు పలకల దొంతర ఒకటే ఉండే సింగిల్ టవర్ కూలర్, ముందువైపు అద్దం బిగించిన క్యాబినెట్ ఉన్నాయి. పాఠాల వీడియోలను ఎక్స్‌పోర్టుకు (చివరి ఫైలుగా తయారవడానికి) పెట్టి, అది నడుస్తుండగానే తరువాతి పాఠానికి గొంతు రికార్డు చేయడం నా రోజువారీ పని. రికార్డింగ్ వేళ సీలింగ్ ఫ్యాను ఆపక తప్పదు. అంటే ప్రాసెసర్ గరిష్ఠంగా శ్రమించే సమయమూ, గదిలో గాలి కదలని సమయమూ ఒకటే అవుతాయి.

కూలర్ల సమీక్షలు చాలావరకు 20 నుంచి 25 డిగ్రీల గదుల్లో చేసినవి. ఆ గదిలో 75 డిగ్రీలు చూపిన కూలర్, మే నెలలో 36 డిగ్రీలుండే మన గదిలో దాదాపు 88 చూపుతుంది. 5800ఎక్స్‌కు తయారీదారు పెట్టిన ఉష్ణోగ్రత పరిమితి 90 డిగ్రీలు. అది దాటబోతే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. అందువల్ల ఈ డైరీలో ఎక్కడా ప్రాసెసర్ ఉష్ణోగ్రతను ఒంటరిగా రాయలేదు. కూలర్ ముందు గాలి కంటే ప్రాసెసర్ ఎన్ని డిగ్రీలు ఎక్కువగా ఉందో, ఎన్ని వాట్ల దగ్గర ఉందో, ఎంత శబ్దంతో ఉందో కలిపే రాశాను. మీ గది వేడి వేరైనా ఈ అంకెలు మీకు పనికిరావడానికి అదే మార్గం.

లక్ష్యాలు ఇవి:

1. అన్ని కోర్లూ పనిచేస్తున్నప్పుడు, క్యాబినెట్‌కు అర మీటరు దూరంలో 35 డెసిబెళ్లు దాటకూడదు.
2. మండు వేసవిలోనూ ప్రాసెసర్ 90 డిగ్రీల పరిమితిని తాకకూడదు.
3. పని వేగం ఇప్పుడున్న దానికంటే తగ్గకూడదు.

దశ 1: కొలిచే సాధనాలు, తొలి అంకెలు

ఫోనులోని శబ్దం కొలిచే యాప్‌లు ఒక్కో ఫోనులో ఒక్కో అంకె చూపుతాయి కాబట్టి చవకైన చేతి మీటరు కొన్నాను. ఇలాంటి మీటర్లు 30 డెసిబెళ్ల కిందికి చదవలేవు, కానీ అర్ధరాత్రి సీలింగ్ ఫ్యాను ఆపి, కిటికీలు మూసినప్పుడు కూడా నా గది నిశ్శబ్దం 31.5 దగ్గరే ఆగుతుంది గనుక ఈ పనికి అది చాలు. గాలి వేడి కొలవడానికి చేపల తొట్టెలకు అమ్మే, తీగ చివర సెన్సర్ ఉండే థర్మామీటరు తీసుకున్నాను. ఆ సెన్సర్‌ను కూలర్ ఫ్యానుకు రెండు అంగుళాల ముందు, ఏ లోహానికీ తగలకుండా, దారంతో వేలాడదీశాను. ఈ మొత్తం ప్రాజెక్టులో అత్యంత ఉపయోగపడిన వస్తువు ఇదే.

కొలిచే పద్ధతి:

1. సీలింగ్ ఫ్యాను ఆపి, గది వేడి నిలకడపడే వరకు ఆగాలి.
2. అన్ని కోర్లకూ పని పెట్టి వేగానికి స్కోరు ఇచ్చే సినీబెంచ్ ఆర్23 పరీక్షను అరగంట పాటు ఆగకుండా నడపాలి.
3. చివరి పది నిమిషాల సగటు వాట్లు, ఉష్ణోగ్రత, ఫ్యాను వేగం, సెన్సర్ల అంకెలు చూపే హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో అనే ప్రోగ్రాము నుంచి రాసుకోవాలి.
4. కూలర్ ముందు గాలి వేడిని అదే సమయంలో చదవాలి.

తొలి ఫలితం: గది 33 డిగ్రీలు, కూలర్ ముందు గాలి 40, ప్రాసెసర్ 90, ఫ్యాను పూర్తి వేగం 1850 (ఫ్యాను వేగాలన్నీ నిమిషానికి చుట్లలో), శబ్దం 46 డెసిబెళ్లు. ఈ ప్రాసెసర్ సాకెట్‌కు ఫ్యాక్టరీ అమరికలో 142 వాట్ల అనుమతి ఉంటుంది. నా గదిలో అది 109 వాట్లు దాటలేకపోయింది, ఎందుకంటే అంతకు ముందే 90 డిగ్రీల గోడ తగిలింది. స్కోరు 14,700. ఇంకా ఓవర్‌క్లాక్, అంటే ఫ్యాక్టరీ వేగాన్ని మించి నడపడం, మొదలే కాలేదు. ఫ్యాక్టరీ వేగమే పూర్తిగా అందడం లేదు.

ఇప్పటివరకు ఖర్చు: మీటరు, థర్మామీటరు కలిపి 1,400 రూపాయలు.

దశ 2: కూలర్ కంటే ముందు క్యాబినెట్

గది 33 ఉంటే కూలర్ పీల్చే గాలి 40 ఉండటం పెద్ద తేడా. పక్క ప్యానెల్ తీసేసి అదే పరీక్ష చేస్తే కూలర్ ముందు గాలి 34.5కు దిగింది. అంటే ఏడు డిగ్రీలలో అయిదున్నర డిగ్రీలు క్యాబినెట్ మనకు జోడిస్తున్న వేడి. ముందు అద్దానికీ, చట్రానికీ మధ్య ఉన్న సన్నటి సందుల్లోంచే గాలి రావాలి. ఆ లోటును లోపలి ఫ్యాన్లు గ్రాఫిక్స్ కార్డు వదిలిన వేడి గాలినే తిప్పి తిప్పి పీల్చి పూడ్చుకుంటున్నాయి. ఇలాంటి పెట్టెలో ఎంత ఖరీదైన కూలర్ పెట్టినా అది వేడి గాలితోనే చల్లబరచాలి.

అద్దం ప్యానెల్ తీసి దాని చోట జాలీ పెట్టాను. మొదట కిటికీలకు కొట్టే సన్న కళ్ల దోమల జాలీ వాడితే గాలి వేడి 38 దగ్గరే ఉండిపోయింది. కళ్లు సన్నగా ఉన్నకొద్దీ నెమ్మదిగా తిరిగే ఫ్యానుకు గాలి లాగడం కష్టం. రెండు మిల్లీమీటర్ల కళ్లున్న అల్యూమినియం జాలీకి మారాక, వెనుక రెండు 140 మిల్లీమీటర్ల ఫ్యాన్లు 650 వేగంతో నడిపితే, కూలర్ ముందు గాలి 36కు వచ్చింది. గది కంటే మూడు డిగ్రీలే ఎక్కువ. ఈ ఒక్క మార్పుతో ప్రాసెసర్ అదే పాత కూలర్ కింద 117 వాట్ల వరకు వెళ్లగలిగింది.

జాలీ కళ్లు పెద్దవైతే దుమ్ము కూడా లోపలికి వస్తుంది. దానికి మందు చివరి దశలో రాశాను.

ఇప్పటివరకు ఖర్చు: 1,400 + 2,600 = 4,000 రూపాయలు.

దశ 3: వేగం పెంచిన ఫ్యాను – విఫలం

గవర్నరుపేటలో ఫ్యాన్లు చూస్తుంటే కౌంటరు దగ్గరి కుర్రాడు, "కూలర్ మార్చటం ఎందుకు సార్, స్పీడ్ ఫ్యానొకటి పెట్టండి, వేడంతా లాగేసుద్ది" అన్నాడు. ఈ సలహా చాలామందికి ఎదురవుతుంది కాబట్టి దాన్ని అంకెలతో పరీక్షించడం మంచిదనిపించింది. 2400 వేగంతో తిరిగే 120 మిల్లీమీటర్ల ఫ్యాను తెచ్చాను. పోలిక నిజాయితీగా ఉండటానికి ఈ దశ నుంచి ప్రాసెసర్‌ను సరిగ్గా 100 వాట్ల దగ్గర కట్టేసి, గాలి కంటే ఎన్ని డిగ్రీలు ఎక్కుతుందో మాత్రమే కొలిచాను.

పాత ఫ్యాను 1850 దగ్గర: 46 డిగ్రీల పెరుగుదల, 46 డెసిబెళ్లు.
కొత్త ఫ్యాను 2400 దగ్గర: 44.5 డిగ్రీల పెరుగుదల, 51.5 డెసిబెళ్లు.

ఒకటిన్నర డిగ్రీ కోసం అయిదున్నర డెసిబెళ్లు. దీనికి కారణం ఫ్యాన్ల లెక్కలోనే ఉంది. ఫ్యాను నెట్టే గాలి దాని వేగానికి అనులోమంగా పెరుగుతుంది, ఒత్తిడి వేగపు వర్గానికి అనులోమంగా పెరుగుతుంది, తీసుకునే విద్యుత్తు వేగపు ఘనానికి అనులోమంగా పెరుగుతుంది. శబ్దం కూడా దాదాపు అదే దూకుడుతో పెరుగుతుంది: వేగాన్ని అయిదో వంతు తగ్గిస్తే సుమారు 5 డెసిబెళ్లు తగ్గుతాయి, సగం చేస్తే సుమారు 15 తగ్గుతాయి. కనుక నిశ్శబ్దం కావాలన్నవారు వేగాన్ని తగ్గించే దారి వెతకాలి.

అదే టవర్‌కు వెనుక రెండో ఫ్యాను బిగించి, రెండింటినీ 1200 దగ్గర నడిపిన ప్రయత్నం కూడా ఇక్కడే రాస్తున్నాను. పెరుగుదల 50 నుంచి 48కి దిగింది. కానీ గదిలో ఒక కొత్త శబ్దం మొదలైంది: ఊఁ అని పైకి లేచి, తగ్గి, మళ్లీ లేచే గుంజుడు. రెండు ఫ్యాన్లకూ తొమ్మిదేసి రెక్కలు. ఒకటి 1200 దగ్గర, రెండోది 1190 దగ్గర తిరుగుతున్నాయి. నిమిషానికి 1200 అంటే సెకనుకు 20 చుట్లు, తొమ్మిది రెక్కలతో 180 హెర్ట్జ్. 1190 అయితే 178.5 హెర్ట్జ్. ఆ ఒకటిన్నర హెర్ట్జ్ తేడాయే సెకనుకు ఒకటిన్నర సారి గొంతెత్తి దించుతున్నట్టు వినిపించింది. మీటరులో ఇది ఒక్క డెసిబెల్ కూడా కనిపించదు, రికార్డింగులో మాత్రం స్పష్టంగా పట్టుబడుతుంది. జంట ఫ్యాన్లు వాడేవారు వాటిని వేర్వేరు పిన్నులకు తగిలించి, కనీసం 100 తేడాతో నడపాలి.

ఇప్పటివరకు ఖర్చు: 4,000 + 900 = 4,900 రూపాయలు.

దశ 4: డ్యూయల్ టవర్

నీళ్ల కూలర్ ఎందుకు కాదని ముందే చెప్పాలి. దాని పంపు పని ఉన్నా లేకున్నా తిరుగుతూనే ఉంటుంది, ఆ సన్నని మోత మైకుకు అందుతుంది. పైగా రేడియేటరుకూ ఫ్యాన్లు కావాలి. ఈ ప్రాసెసర్‌లో దానివల్ల దక్కే లాభం కూడా పరిమితమే. ఎనిమిది కోర్లూ సుమారు 80 చదరపు మిల్లీమీటర్ల ఒకే చిన్న చిప్పు మీద ఉన్నాయి. వేడి అంతా ముందుగా ఆ ఇరుకు చోటు నుంచి బయటపడాలి. గరాటు మూతి సన్నదైనప్పుడు కింద ఎంత పెద్ద గంగాళం పెట్టినా నీళ్లు దిగే వేగం మారదు.

ఆ కారణంగానే ఆరు హీట్‌పైపులు, రెండు 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు ఉన్న, 155 మిల్లీమీటర్ల ఎత్తు డ్యూయల్ టవర్‌ను ఎంచుకున్నాను. కొనేముందు కొలవాల్సినవి:

1. ప్రాసెసర్ పైభాగం నుంచి పక్క ప్యానెల్ లోపలి వైపు వరకు దూరం. నా క్యాబినెట్‌లో 163 మిల్లీమీటర్లు.
2. ర్యామ్ కడ్డీల ఎత్తు. ముందు ఫ్యాను వాటిమీదికి వస్తే దాన్ని పైకి జరపాలి, అప్పుడు మొత్తం ఎత్తు పెరుగుతుంది. నాకు అయిదు మిల్లీమీటర్లు జరపాల్సి వచ్చింది, పక్క ప్యానెల్‌కు మూడు మిల్లీమీటర్లు మిగిలింది.
3. మదర్‌బోర్డు వెనుక ప్లేటు ఉందో లేదో. ఏఎం4 (ఈ ప్రాసెసర్ కూర్చునే సాకెట్ రకం) బోర్డుతో వచ్చిన వెనుక ప్లేటునే చాలా కూలర్లు వాడుకుంటాయి, దాన్ని పారేయకూడదు.

పాత కూలర్‌ను తీయడంలో ఒక ప్రమాదం ఉంది. ఏఎం4లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి. ప్రాసెసర్ నుంచి కూలర్‌కు వేడిని దాటించే పేస్టు గట్టిపడి ఉంటే, కూలర్‌ను నిలువుగా లాగినప్పుడు లాక్ వేసి ఉన్నా ప్రాసెసర్ దానికే అంటుకుని సాకెట్ నుంచి ఊడి వస్తుంది, పిన్నులు వంగుతాయి. కాబట్టి ముందు పది నిమిషాలు లోడు పెట్టి పేస్టును వేడెక్కించి, కంప్యూటరు ఆపి, ప్లగ్గు తీసి, స్క్రూలు వదులు చేసి, కూలర్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పి, అది జారుతున్నట్టు చేతికి తెలిశాకే ఎత్తాలి.

మొదటి బిగింపులో 900 వేగం దగ్గర పెరుగుదల 47 వచ్చింది. విప్పి చూస్తే రాగి అడుగున పేస్టు ముద్ర మూడు వైపులా పలచగా, పారదర్శకంగా ఉంది. నాలుగో వైపు మాత్రం బూడిదరంగు మందంగా, పెట్టిన గీత ఆకారం చెదరకుండా మిగిలింది. 5800ఎక్స్‌లో వేడి పుట్టే చిప్పు మూత కింద మధ్యలో కాక ఒక పక్కకు ఉంటుంది, కాబట్టి ఏ పక్క సరిగా అదమలేదన్నది ముఖ్యం. మళ్లీ పేస్టు పెట్టి, రెండు స్క్రూలనూ ఒకదాని తరువాత ఒకటి అర చుట్టు చొప్పున మార్చి మార్చి బిగించాక 47 కాస్తా 44 అయింది. ఏ కూలర్ మీదైనా తీర్పు చెప్పేముందు ఒకసారి విప్పి ముద్ర చూడటం అవసరం.

100 వాట్ల దగ్గర పూర్తి పోలిక:

సింగిల్ టవర్: 1850 దగ్గర 46 డిగ్రీలు, 1200 దగ్గర 50, 900 దగ్గర 55.
డ్యూయల్ టవర్: 1500 దగ్గర 42 డిగ్రీలు, 900 దగ్గర 44, 700 దగ్గర 47.

రెండూ పూర్తి వేగంతో నడిస్తే తేడా నాలుగు డిగ్రీలే, అంతమాత్రానికి డబ్బు ఎందుకు పెట్టాలనిపిస్తుంది. రెండూ 900 దగ్గర నడిస్తే తేడా పదకొండు డిగ్రీలు. లోహపు పలకల వైశాల్యం ఎక్కువ ఉన్న కూలర్ తన విలువను నెమ్మది వేగాల దగ్గరే చూపుతుంది. పూర్తి వేగం అంకెలు మాత్రమే ఇచ్చే సమీక్షలో ఈ విషయం కనిపించదు. నా దృష్టిలో నిశ్శబ్దం కోరేవారు చూడాల్సిన అంకె ఒక్కటే: 900 దగ్గర పెరుగుదల ఎంత?

ముందు ఫ్యాను 950, మధ్య ఫ్యాను 820 వేగాలతో, రబ్బరు పిన్నులతో బిగించాక మొత్తం శబ్దం 34.8 డెసిబెళ్లు. గుంజుడు లేదు.

ఇప్పటివరకు ఖర్చు: 4,900 + కూలర్ 3,900 + పేస్టు, రబ్బరు పిన్నులు 650 = 9,450 రూపాయలు.

దశ 5: వాట్ల బడ్జెట్

ఇక్కడ లెక్క వెనుక నుంచి మొదలుపెట్టాలి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ రోజుల్లో నా గది 37 డిగ్రీలకు చేరుతుంది. క్యాబినెట్ మూడు నాలుగు డిగ్రీలు కలుపుతుంది, అంటే కూలర్‌కు అందే గాలి సుమారు 40.5. ప్రాసెసర్ 87 దాటకూడదనుకుంటే పెరుగుదలకు మిగిలేది 46.5 డిగ్రీలు. నిశ్శబ్దమైన వేగం దగ్గర ఈ కూలర్ ఒక్కో వాటుకు 0.44 డిగ్రీలు పెంచుతుంది. భాగిస్తే 105 వాట్లు. నా గది భరించే ప్రాసెసర్ అంతే. ఓవర్‌క్లాక్ అంతా ఈ 105 వాట్ల లోపలే జరగాలి.

వాట్లు పెంచకుండా వేగం పెంచాలంటే వోల్టేజి తగ్గించాలి. చిప్పు తినే విద్యుత్తు వేగానికి అనులోమంగా, వోల్టేజి వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. అందుకే చివరి వంద మెగాహెర్ట్జ్‌కు అంత ఖరీదు: ఆ వేగానికి వోల్టేజి కూడా పెంచాలి. బయాస్ (మదర్‌బోర్డు సొంత అమరికల తెర)లో కోర్ల వోల్టేజిని సవరించే కర్వ్ ఆప్టిమైజర్‌లో ఒక్కో మెట్టు దిగితే ఆ కోరుకు 3 నుంచి 5 మిల్లీవోల్టులు తగ్గుతాయి.

అన్ని కోర్లకూ మైనస్ 20 పెడితే సినీబెంచ్ హాయిగా నడిచింది, రాత్రంతా ఎక్స్‌పోర్టు కూడా నడిచింది. అయితే ఏ పనీ లేకుండా డెస్క్‌టాప్ తెరిచి ఉంచినప్పుడు కంప్యూటరు తనంతట తాను రీస్టార్ట్ అయింది. ఇది ఈ తరం రైజెన్‌లలో తెలిసిన లక్షణమే. లోడు తేలిగ్గా ఉన్నప్పుడు ఒకటి రెండు మేటి కోర్లు అత్యధిక వేగానికి ఎగబాకుతాయి, తగ్గించిన వోల్టేజి చాలనిది అక్కడే. బరువైన పరీక్షలు దీన్ని పట్టుకోలేవు. దిద్దిన పద్ధతి:

1. విండోస్‌లోని ఈవెంట్ వ్యూయర్‌లో హార్డ్‌వేర్ లోపాల నమోదు తెరిచి, ఏ కోరు పేరు వస్తోందో చూడాలి.
2. కోర్‌సైక్లర్ అనే ప్రోగ్రాముతో ఒక్కో కోరునూ విడిగా పరీక్షించాలి.
3. తప్పిన కోరును మూడేసి మెట్లు వెనక్కు తేవాలి.
4. అన్నీ నిలిచాక మరో రెండు మెట్ల భద్రత వదలాలి.

చివరికి మేటి కోర్లు రెండూ మైనస్ 8 దగ్గర, మిగిలిన ఆరు మైనస్ 18 దగ్గర నిలిచాయి.

తరువాత మొత్తం వాట్ల అనుమతిని మార్చుతూ, కూలర్ ముందు గాలి 36 ఉండగా, అదే నిశ్శబ్ద వేగంతో కొలిచాను:

142 వాట్ల అనుమతి: 90 డిగ్రీలకు తగిలి 123 వాట్ల దగ్గర ఆగింది, స్కోరు 15,460.
120 వాట్లు: 89 డిగ్రీలు, స్కోరు 15,420.
105 వాట్లు: 82 డిగ్రీలు, స్కోరు 15,050.
88 వాట్లు: 75 డిగ్రీలు, స్కోరు 14,350.

142 నుంచి 120కి దిగితే పోయిందేమీ లేదు. 105కి దిగితే పోయింది వందకు మూడు పాళ్ల లోపు, తగ్గింది ఎనిమిది డిగ్రీలు. మొదటి రోజు 46 డెసిబెళ్ల మోతతో వచ్చిన 14,700 కంటే ఇది 350 ఎక్కువ, అదీ 34.8 దగ్గర.

ఖర్చు పెరగలేదు: 9,450 రూపాయలు.

దశ 6: ఫ్యాను ఎగిరెగిరి పడకుండా

స్థిరంగా 35 డెసిబెళ్లు వినిపిస్తే చెవి దాన్ని మరిచిపోతుంది. ఒక్కసారిగా లేచి దిగే శబ్దాన్ని మరవదు. బ్రౌజరు తెరిచినంత మాత్రాన ఈ ప్రాసెసర్ ఒక సెకనులో పదిహేను డిగ్రీలు ఎక్కి, వెంటనే దిగుతుంది. చిన్న చిప్పు కాబట్టి అది సహజం. ఎంత వేడికి ఎంత వేగమో చెప్పే బయాస్‌లోని మామూలు ఫ్యాను కర్వ్ (గీత) ఆ ప్రతి ఎగుడుకూ స్పందించి ఫ్యాన్లను పరుగెత్తిస్తుంది. కూలర్ లోహం మాత్రం ఆ సెకనులో వేడెక్కనే లేదు, కాబట్టి ఆ పరుగు వృథా.

1. 68 డిగ్రీల వరకు ఫ్యాను 650 దగ్గర కదలకుండా గీత సమంగా ఉంచాను.
2. 68 నుంచి 80 వరకు 950కి నిదానంగా పెంచాను. 88 దాటితేనే పూర్తి వేగం.
3. వేగం పెరగడానికీ, తగ్గడానికీ బయాస్ ఇచ్చే గరిష్ఠ ఆలస్యం పెట్టాను.
4. 700, 740 మధ్య క్యాబినెట్ పక్క ప్యానెల్ కంపిస్తోంది కనుక ఆ మధ్య ఫ్యాను నిలవకుండా గీతను నిటారుగా దాటించాను.

దశ 7: రోహిణి కార్తె పరీక్ష, దుమ్ము

మధ్యాహ్నం మూడు గంటలకు, గది 37 డిగ్రీలు ఉండగా, సీలింగ్ ఫ్యాను ఆపి గంటసేపు ఎక్స్‌పోర్టు నడిపాను. కూలర్ ముందు గాలి 40.5, ప్రాసెసర్ 86.5, వాట్లు 105. వేగం తగ్గలేదు, శబ్దం 35 లోపే ఉంది.

అదే నెలాఖరుకు కూలర్ ముందు గాలి గది కంటే 7 డిగ్రీలు ఎక్కువ చూపసాగింది. జాలీ వెనుక వేసిన ఫిల్టరు మీద దుమ్ము పలచని దుప్పటిలా అల్లుకుంది. కడిగి ఆరబెట్టి పెట్టగానే తేడా మళ్లీ 3.5కు వచ్చింది. కాబట్టి థర్మామీటరు తీగను తీయకుండా శాశ్వతంగా లోపలే ఉంచేశాను. గదికీ, కూలర్ ముందు గాలికీ తేడా 5 డిగ్రీలు దాటితే ఫిల్టరు కడగాలి. కూలర్ పలకల మధ్య దుమ్మును బ్లోయరుతో ఊదేటప్పుడు ఫ్యాను తిరగకుండా వేలితో పట్టుకోవాలి, లేకపోతే బేరింగు పాడవుతుంది.

బయాస్‌లో రెండు ప్రొఫైళ్లు భద్రపరిచాను. రోజూ వాడేది 105 వాట్లు. ఎక్స్‌పోర్టు తొందర లేని రాత్రి రికార్డింగులకు 88 వాట్లు, ఫ్యాన్లు 700 లోపు. అప్పుడు మీటరు 32.6 చూపుతుంది, అది గది నిశ్శబ్దం కంటే ఒక డెసిబెల్ పైచిలుకు మాత్రమే. ఇప్పుడు క్యాబినెట్‌లో అన్నిటికన్నా ఎక్కువ వినిపిస్తున్నది గ్రాఫిక్స్ కార్డు ఫ్యాను, దాని కొలతలు ఇదే మీటరుతో, ఇదే అర మీటరు దూరం నుంచి మొదలుపెట్టాను.

మొత్తం ఖర్చు: 9,450 రూపాయలు. ఇందులో పక్కన పెట్టేసిన 2400 వేగం ఫ్యాను ధర 900 కూడా కలిసి ఉంది. అది అక్కర్లేదు కాబట్టి ఈ పని తిరిగి చేసేవారికి 8,550 చాలు.